గీత గీసిన రోజే రుసుము తేలిపోతుంది

(విజయవాడలో ఒక ఆదివారం సాయంత్రం జరిగిన ప్రసంగం. రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసి పెట్టాము. తడబాట్లు తప్ప మరేమీ తీసివేయలేదు.)

పెద్దలకు, మిత్రులకు, కుర్చీలు చాలక వెనుక నిలబడి ఉన్న విద్యార్థులకు నమస్కారం. ముందు వరుసలో రెండు కుర్చీలు ఖాళీగా ఉన్నాయి, మొహమాటపడకుండా వచ్చి కూర్చోండి.

నేను ముప్పై ఏళ్ళకు పైగా మంచినీటి పైపులు, మురుగునీటి కాలువలు, పంపుహౌసులు కట్టించిన ఇంజనీరును. గోల్ఫ్ మైదానం గురించి మాట్లాడమని నన్నెందుకు పిలిచారని మీలో కొందరికి సందేహం కలగవచ్చు. విశాఖపట్నంలో ఉద్యోగం చేస్తున్న రోజుల్లో ఒక మిత్రుడు నన్ను ఆటకు తీసుకువెళ్ళాడు. ఆయన బంతిని చూస్తుంటే నేను నేలను చూశాను. రాత్రి కురిసిన వాన తెల్లవారేసరికి ఆ గడ్డి మీద నుంచి ఏ దారిన పోయిందో చూశాను. గోల్ఫ్ మైదానమంటే ముప్పాతిక వంతు నీటి వ్యవహారమని నాకు ఆ రోజే అర్థమైంది. నీరు ఎక్కడ నుంచి రావాలి, ఎక్కడ నిలవాలి, ఎటు పోవాలి? ఈ మూడూ సరిగా తేల్చుకున్నవాడే మంచి మైదానం కట్టగలడు, అంతకంటే ముఖ్యంగా, చౌకగా నడిపించగలడు.

నేను ఈ సాయంత్రం చెప్పదలచుకున్నది ఒక్కటే మాట. ఆడటానికి ఎంత రుసుము చెల్లించాలనేది టిక్కెట్ల కిటికీ దగ్గర నిర్ణయమయ్యే విషయం కాదు. మైదానం పటం మీద మొదటి గీత గీసిన రోజే అది తేలిపోతుంది. మళ్ళీ చెబుతున్నాను, గీత గీసిన రోజే తేలిపోతుంది. తరవాత ఏ కమిటీ ఎంత దయతలచినా, ఎన్ని రాయితీలు ప్రకటించినా, ఖర్చుతో కూడిన నమూనా మీద కట్టిన మైదానం సామాన్యుడికి అందదు.

2021 ఆగస్టు 7వ తేదీ తెల్లవారుజామున మీలో ఎంతమంది టీవీ ముందు కూర్చున్నారు? టోక్యో ఒలింపిక్స్‌లో మన గోల్ఫ్ క్రీడాకారిణి అదితి అశోక్ ఒకే ఒక్క దెబ్బ తేడాతో పతకం తప్పి నాలుగో స్థానంలో నిలిచింది. ఆ ఉదయం మా ఇంట్లో కూడా, పార్ అంటే ఏమిటో, బర్డీ అంటే ఏమిటో తెలియనివారు ఊపిరి బిగబట్టి చూశారు. మరునాడు మన ఊళ్ళో పదేళ్ళ ఆడపిల్ల ఎవరైనా, నాన్నా, నేనూ ఆడతాను అని అడిగి ఉంటే, ఆ తండ్రి ఆమెను ఎక్కడికి తీసుకువెళ్ళగలడు? తెనాలిలో, గుడివాడలో, నరసరావుపేటలో ఉన్న తండ్రి ఎక్కడికి తీసుకువెళ్ళగలడు?

ఈ ఆట ధనవంతులదే కదా, మనకెందుకు అని అడిగేవారున్నారు. అది న్యాయమైన ప్రశ్న. స్కాట్లండ్‌లోని సెయింట్ ఆండ్రూస్ ఊరి చరిత్రలోనే దానికి జవాబుంది. అక్కడి సముద్రపు ఒడ్డున ఉన్న ఇసుక నేల మీద ఊరి జనానికి ఆడుకునే హక్కు, పశువులను మేపుకునే హక్కు ఉన్నాయని 1552లో ఒక పత్రం రాసి ధ్రువీకరించారు. చదును చేసే యంత్రాలు లేవు. గొర్రెలు, కుందేళ్ళు గడ్డి కొరికితే అదే ఆట స్థలం. గాలికి తల దాచుకోవడానికి గొర్రెలు ఒరుసుకున్న చోట ఏర్పడ్డ ఇసుక గుంటలే బంకర్లకు, అంటే ఆటలో అడ్డంకిగా ఉంచే ఇసుక గుంటలకు, మూలమని చెబుతారు. 1764లో అక్కడ 22 హోల్స్‌ను, అంటే బంతిని కొట్టుకుంటూ పోయి గుంటలో వేసే దారులను, 18కి కుదించారు, ఈనాడు ప్రపంచమంతా 18 ఆడటానికి కారణం అదే. నేటికీ ఆ పాత మైదానంలో సాధారణంగా ఆదివారం ఆట ఉండదు. ఆ రోజు ఊరి జనం పిల్లలతో, కుక్కలతో ఆ గడ్డి మీద షికారు చేస్తారు. అంటే ఈ ఆట పుట్టిల్లు ఊరి ఉమ్మడి నేల. మన దేశానికి అది కంటోన్మెంటుతో పాటు, సభ్యత్వంతో పాటు వచ్చింది. కలకత్తాలో 1829లో మొదలైన క్లబ్ బ్రిటిష్ దీవుల బయట అన్నిటికంటే పాతది. అయితే అదే క్లబ్‌లో గడ్డి చూసుకునే ఉద్యోగి కొడుకు ఎస్.ఎస్.పి. చౌరాసియా అక్కడే ఆట నేర్చుకుని, 2016లోనూ 2017లోనూ ఇండియన్ ఓపెన్ గెలిచాడు. తండ్రి ఉద్యోగం వల్ల ఆయనకు గేటు లోపలికి దారి దొరికింది. దొరకనివారి సంగతి ఏమిటి? ఢిల్లీలో లాడో సరాయ్ దగ్గర అక్కడి అభివృద్ధి సంస్థ నడిపే కుతుబ్ గోల్ఫ్ కోర్సు ఉంది, సభ్యత్వం లేనివారు కూడా రుసుము కట్టి ఆడవచ్చు. రాజధానిలో సాధ్యమైనది చిన్న ఊళ్ళో సాధ్యం కాదా? అవుతుంది. కాకపోతే అదే నమూనా తెచ్చి చిన్న ఊళ్ళో పెట్టకూడదు.

ఆట తెలియనివారి కోసం రెండు ముక్కలు. బంతిని మొదట కొట్టే చోటు టీ. చివర గడ్డిని నున్నగా కోసి, 108 మిల్లీమీటర్ల వెడల్పు గుంట తవ్విన చోటు గ్రీన్. మధ్య దారి ఫెయిర్‌వే. పక్కన కోయని గడ్డి రఫ్. నైపుణ్యం ఉన్నవాడు ఎన్ని దెబ్బల్లో బంతిని గుంటలో వేయాలో అది పార్. ఇంతే.

పూర్తి 18 హోల్స్ మైదానానికి నూట ఇరవై నుంచి నూట ఎనభై ఎకరాలు కావాలి. కృష్ణా డెల్టాలో అంత నేల అడగడం తప్పు. రెండు పంటలు, మూడు పంటలు పండే నేల మీద ఆట పేరుతో చెయ్యి వేయకూడదని నా గట్టి అభిప్రాయం. నేను 25 ఎకరాల గురించే మాట్లాడుతున్నాను, దానికే ఒక పటం గీశాను. తొమ్మిది హోల్స్. వాటిలో ఏడు పార్ త్రీలు, రెండు చిన్న పార్ ఫోర్లు, మొత్తం పార్ 29. పార్ త్రీలు ఒక్కొక్కటి సగటున 120 గజాలు, పార్ ఫోర్లు 270 గజాల చొప్పున. పక్కపక్క దారుల నడుమ బంతి తగలకుండా 60 మీటర్లు వదిలినా, పార్ త్రీకి ఎకరంన్నర పైచిలుకు, పార్ ఫోర్‌కు మూడున్నర ఎకరాల పైచిలుకు చాలుతుంది. ఆ లెక్కన పందొమ్మిది ఎకరాల్లో ఆట సరిపోతుంది, మిగిలిన ఆరింటిలో చెరువు, చెట్లు, అభ్యాసం చేసే చోటు, ఒక షెడ్డు. అమెరికాలో టెనెసీ రాష్ట్రంలోని సౌత్ పిట్స్‌బర్గ్ అనే చిన్న ఊళ్ళో స్వీటెన్స్ కోవ్ అనే తొమ్మిది హోల్స్ మైదానం 2014లో తెరిచారు. నది దగ్గరి చదును నేల మీద కట్టిన మైదానం అది. క్లబ్ భవనం కట్టలేదు, చిన్న షెడ్డుతో మొదలుపెట్టారు. ఖర్చంతా గ్రీన్ల మలుపుల మీదే పెట్టారు. ఇప్పుడు దూరప్రాంతాల నుంచి జనం వెతుక్కుంటూ వస్తున్నారు. భవనం కోసం ఎవరూ రారు, ఆట కోసం వస్తారు.

ఇక నీటి దగ్గరకు వస్తాను. దీనికి కొంత సమయం తీసుకుంటాను, ఓపిక పట్టండి.

మే నెలలో మన ఎండకు పచ్చిగడ్డి రోజుకు సుమారు 5 మిల్లీమీటర్ల నీరు తాగుతుంది. ఎకరం మీద 5 మిల్లీమీటర్లంటే సుమారు 20,000 లీటర్లు. ఇరవై ఐదు ఎకరాలూ పచ్చగా ఉండాలని పట్టుబడితే రోజుకు 5 లక్షల లీటర్లు. పక్క వీధిలో మంచినీటి ట్యాంకరు కోసం బిందెలు వరుసలో ఉన్న రోజున అన్ని నీళ్ళు గడ్డికి పోయగలమా? పోయకూడదు. అందుకని ప్రశ్న మార్చి అడుగుదాం. ఆటకు నిజంగా పచ్చగడ్డి ఎంత మేర అవసరం? గ్రీన్ ఒక్కొక్కటి పది సెంట్లు, తొమ్మిదింటికి తొంభై సెంట్లు. టీలు నాలుగేసి సెంట్లు, మొత్తం ముప్పై ఆరు. ప్రతి గ్రీన్ ముందు బంతి దొర్లడానికి పదిహేనేసి సెంట్లు, అంటే ఎకరం ముప్పై ఐదు సెంట్లు. పార్ ఫోర్లలో బంతి పడే చోట్లు రెండూ కలిపి ఎకరంన్నర. అన్నీ కూడితే నాలుగు ఎకరాలకు కొంచెం పైన. మిగతా నేలంతా వానాకాలంలో పచ్చగా, వేసవిలో ఎండుగడ్డి రంగులో ఉంటే ఆటకేమీ లోటు రాదు. నిజానికి ఎండిన నేల మీద బంతి బాగా దొర్లుతుంది. అప్పుడు రోజుకు 80,000 లీటర్లు చాలు.

ఆ 80,000 లీటర్లు కూడా మంచినీరు కానక్కరలేదు. పట్టణంలో మనిషికి రోజుకు 135 లీటర్లు ఇవ్వాలని ప్రమాణం, అందులో ఐదింట నాలుగు వంతులు, అంటే సుమారు 108 లీటర్లు, మురుగునీరై తిరిగి వస్తుంది. లెక్క వేయండి. ఏడు వందల యాభై మంది ఇళ్ళ నుంచి వచ్చే నీటిని శుద్ధి చేస్తే ఈ మైదానానికి సరిపోతుంది. ఒక చిన్న వాడ! ఆ నీటిలో మిగిలిన నత్రజని గడ్డికి ఎరువవుతుంది, యూరియా ఖర్చు కొంత తగ్గుతుంది. జాగ్రత్తలు ఉన్నాయి. క్లోరిన్ కలపాలి, వడపోత సరిగా లేకపోతే స్ప్రింక్లర్ల మూతులు పూడుకుపోతాయి, ఆటగాళ్ళు లేని రాత్రి వేళల్లోనే తడపాలి, నేలలో ఉప్పు పేరుకోకుండా చూసుకోవాలి. మనకు జూన్ నుంచి అక్టోబరు వరకు పడే వానలు ఆ ఉప్పును కడిగేస్తాయి, అయితే నీరు కిందికి దిగే దారి ఉంటేనే.

అదే గుంటూరు వైపు అసలు చిక్కు. నల్లరేగడి సంగతి ఇక్కడ ఉన్న రైతు కుటుంబాలవారికి నేను చెప్పనక్కరలేదు. వేసవిలో చెయ్యి పట్టేంత నెర్రెలు, వానాకాలంలో చెప్పులూడేంత జిగురు. ఆ నేల మీద నేరుగా గ్రీన్ వేస్తే ఒక్క ఏడాదిలో ఎగుడుదిగుడవుతుంది. అమెరికా గోల్ఫ్ సంఘం చెప్పే ప్రమాణం ప్రకారం కింద 10 సెంటీమీటర్ల కంకర, పైన 30 సెంటీమీటర్ల ఇసుక పోయాలి. అంటే తొమ్మిది గ్రీన్లకు వెయ్యి ఘనపు మీటర్లకు పైగా ఇసుక. ఇవాళ ఇసుక ధర మీకు తెలుసు. నేను ఇక్కడ వేరే దారి సూచిస్తున్నాను. ఎకరం మేర రెండు మీటర్ల లోతు చెరువు తవ్వితే 8,000 ఘనపు మీటర్ల మట్టి వస్తుంది. ఆ మట్టితో గ్రీన్ల చోటును అరవై సెంటీమీటర్లు ఎత్తు చేసి, పొరలు పొరలుగా దిమ్మిస కొట్టి, రెండు మూడు వైపులకు వాలు ఇచ్చి, పైన పన్నెండు పదిహేను సెంటీమీటర్ల ఇసుక పరచాలి. వాన నీరు కిందికి ఇంకేదాకా ఆగదు, పైనుంచే జారిపోతుంది. ఇసుక ఖర్చు సగం. మట్టి కొనక్కరలేదు. చెరువు ఎలాగూ నీటి నిల్వకు కావాలి. ఒక్క తవ్వకంతో రెండు పనులు. ఇలాంటి గ్రీన్ మీద అంతర్జాతీయ పోటీలు జరగకపోవచ్చు, కానీ పదేళ్ళ పిల్ల ఆట నేర్చుకోవడానికి ఇది చాలా మంచి గ్రీన్.

గడ్డి గురించి చెప్పవలసిన మాట ఒకటుంది. వేడి దేశాల్లో గోల్ఫ్ మైదానాలు ఎక్కువగా వాడే బెర్ముడా గడ్డి మరేదో కాదు, మన గరికే! వినాయక చవితికి మనం కోసుకొచ్చే గరిక. నీటికి ఆగుతుంది, ఎండకు ఆగుతుంది, తొక్కినా మళ్ళీ లేస్తుంది. ఆ గరికనూ ఆఫ్రికాకు చెందిన దాని బంధువునూ సంకరం చేసి, మైదానాల కోసం టిఫ్‌వే, టిఫ్‌గ్రీన్ అనే రకాలను తెచ్చిన శాస్త్రవేత్త జార్జియా రాష్ట్రంలోని టిఫ్టన్‌లో పనిచేసిన గ్లెన్ బర్టన్. ఆయన పేరు గుర్తుంచుకోండి, ఎందుకంటే మన మెట్ట రైతులు ఆయనకు రుణపడి ఉన్నారు. 1965లో మన దేశంలో విడుదలైన మొదటి సంకర సజ్జ హెచ్‌బీ 1కి తల్లి వరుస ఆయన రూపొందించిన టిఫ్ట్ 23ఎ. అదే మనిషి, అదే ఊరు. గ్రీన్లకు మాత్రం ఆ సంకర రకం నాటుకుందాం, మిగతా అంతా నాటు గరిక చాలు. గ్రీన్ల మీద పెద్ద పోటీల్లోలాగా మూడు మిల్లీమీటర్లకు కోయనక్కరలేదు. ఐదారు మిల్లీమీటర్ల ఎత్తున ఉంచితే గడ్డికి తెగుళ్ళు తక్కువ, మందుల ఖర్చు తక్కువ, బంతి కొంచెం నెమ్మదిగా దొర్లుతుంది, కొత్తవారికి అది మేలే.

ఆట ఎలా ఉండాలనే విషయానికి వద్దాం. ఆలిస్టర్ మెకెంజీ అనే ఆయన వృత్తికి వైద్యుడు. దక్షిణాఫ్రికాలో జరిగిన బోయర్ యుద్ధంలో పనిచేస్తూ, అక్కడి రైతులు నేల వాలులో కలిసిపోయి ఎలా దాక్కుంటారో గమనించి, ఆ చూపుతోనే తరవాత మైదానాలు గీశాడు. అమెరికాలోని పేరుమోసిన అగస్టా మైదానాన్ని గీసిన ఇద్దరిలో ఆయనొకడు. కాలిఫోర్నియాలో షార్ప్ పార్క్ అనే ప్రజల మైదానాన్ని కూడా ఆయనే గీశాడు. ఆయన 1920లో రాసిపెట్టిన సూత్రాల్లో ఒకటి నాకు ఎంతో ఇష్టం. బంతి కోసం వెతుక్కునే బాధ ఆటగాడికి అసలు ఉండకూడదంటాడు. ఎందుకు ఇష్టమో చెబుతాను. పోయిన ప్రతి బంతీ ఆటగాడు కట్టే రెండో రుసుము. టిక్కెట్టు వంద రూపాయలు పెట్టి, మోకాలెత్తు రఫ్‌లో నాలుగు బంతులు పోయేలా నమూనా గీస్తే, అది వంద రూపాయల మైదానం అవుతుందా? కాదు కదా.

అలాగే కర్రలు. టీకీ గ్రీన్‌కీ మధ్య నూట యాభై గజాల నీరు అడ్డం పెడితే, దాన్ని దాటించడానికి డ్రైవర్ అనే పెద్ద కర్ర కావాలి, దానికి తగిన బలం కావాలి. నియమాల ప్రకారం సంచిలో 14 కర్రల దాకా ఉంచుకోవచ్చు. పేద ఇంటి పిల్లకు 14 ఎక్కడివి? నీటిని పక్కకు జరిపి, గ్రీన్ ముందు భాగం తెరిచి ఉంచితే, సెవెన్ ఐరన్, వెడ్జ్, పట్టర్, ఈ మూడింటితో తొమ్మిది హోల్సూ ఆడవచ్చు. నేల మీద దొర్లించి ఆడేవాడికి కూడా దారి దొరుకుతుంది. ఆ మూడు కర్రలను మైదానమే అద్దెకిస్తుంది. చూశారా, చెరువును పటం మీద నలభై గజాలు జరపడం వల్ల ఆటగాడి ఇంటి ఖర్చు మారిపోయింది.

అలాగని ఆట చప్పగా ఉండాలని కాదు. గ్రీన్‌కు ఎడమ పక్కన ఒక్క బంకర్ ఉంచి, జెండా దాని వెనుక పెడితే, నిపుణుడు దాని మీదుగా కొట్టడానికి తెగిస్తాడు, కొత్తవాడు కుడివైపు నుంచి చుట్టి వస్తాడు. ఒకే బంకర్, ఇద్దరికీ రెండు ఆటలు. నేను తొమ్మిది హోల్స్‌కు ఐదు బంకర్లే పెట్టాను. ప్రతి బంకర్‌నూ రోజూ దువ్వాలి, వానకు గోడ జారితే ఎత్తిపోయాలి. బంకర్ల బదులు మట్టి దిబ్బలు, పల్లాలు ఉంటే వాటిని గడ్డి కోసే యంత్రమే చూసుకుంటుంది.

భద్రత గురించి. కుడిచేతి వాటం ఉన్న కొత్త ఆటగాడి బంతి సాధారణంగా కుడివైపుకు వంగిపోతుంది. కనుక ప్రహరీ వెంబడి ఉండే హోల్స్ ఎటు తిరగాలి? ప్రదక్షిణ దిశలో తిరగాలి. ప్రదక్షిణలో గర్భగుడి మన కుడిచేతి వైపు, ప్రాకారం ఎడమచేతి వైపు ఉంటాయి. ఇక్కడా అంతే. గోడ, దాని అవతల రోడ్డు ఎడమ పక్కన ఉంటాయి, దారితప్పిన బంతి కుడివైపున మైదానంలోనే పడుతుంది. అప్రదక్షిణంగా గీశారనుకోండి, రోడ్డు పొడవునా నలభై అడుగుల వలలు కట్టాలి, అవి గాలివానకు చిరిగినప్పుడల్లా మార్చాలి. ఆ ఖర్చు కూడా టిక్కెట్టులోకే వస్తుంది.

చెట్ల విషయంలో మనసు చంపుకోవాలి. నీడ అందరికీ ఇష్టమే, గరికకు మాత్రం నీడ పడదు. గ్రీన్‌కు తూర్పున, దక్షిణాన చెట్లు వద్దు. టీలకు పడమట వేప, కానుగ, నేరేడు నాటండి, ఆడేవారు వంతు కోసం నిలబడేది అక్కడే. ఉన్న తాటిచెట్లను కొట్టకండి, గురి చూసుకోవడానికి అంతకంటే మంచి గుర్తు లేదు.

డబ్బు లెక్క చెబుతాను. పొద్దున ఐదుముప్పావు నుంచి ఎనిమిదిముప్పావు వరకు పది నిమిషాలకు నలుగురు చొప్పున, సాయంత్రం మూడున్నర నుంచి మరో ఎనిమిది జట్లు బయలుదేరితే రోజుకు వంద మందికి పైగా ఆడవచ్చు. నేను సగమే వస్తారనుకుంటాను. యాభై మంది, వంద రూపాయలు, ఏడాదికి 300 రోజులు, మొత్తం 15 లక్షలు. ఆరుగురు పనివారికి నెలకు పదిహేను వేల చొప్పున ఏడాదికి 10 లక్షల 80 వేలు. మిగిలేది నాలుగు లక్షల చిల్లర. డీజిలు, కరెంటు, ఎరువు, యంత్రం బ్లేళ్ళు, అన్నీ అందులోనే. ఇరుకైన లెక్కే, ఒప్పుకుంటాను. ఆ ఆరుగురి జీతం ఇంకా పెరగాలన్నదే నా కోరిక కూడా. అందుకే బంకర్లు ఐదే, తడిపేది నాలుగు ఎకరాలే. ఇంకో పది బంకర్లు పెడితే ఏడో మనిషి కావాలి. ఇంకో పది ఎకరాలు తడిపితే ఇంకో పంపు కావాలి. మరి నేల ధర ఏదీ అంటారా? నేల కొనవలసి వస్తే ఈ లెక్క నిలవదు. ప్రభుత్వ నేల అయితేనే నిలుస్తుంది, అదీ ఇళ్ళు కట్టకూడని పల్లపు నేల అయితేనే న్యాయం.

పల్లపు నేల అన్నప్పుడు మీ ముఖాల్లో ఏం కనిపిస్తున్నదో నాకు తెలుసు. 2024 సెప్టెంబరు మొదటి రోజుల్లో బుడమేరు సింగ్‌నగర్ వైపు ఏం చేసిందో ఈ హాలులో ఉన్న చాలామంది నడుము లోతు నీటిలో నిలబడి చూశారు. గోల్ఫ్ మైదానం బుడమేరును ఆపుతుందని నేను అనను, అలా అంటే అది అబద్ధం. ఇరవై ఐదు ఎకరాల మీద అడుగు లోతు నీరు నిలిస్తే మూడు కోట్ల లీటర్లు. పెద్ద వరదకు అది లెక్కలోనిది కాదు. కానీ ఒక వాడలో రాత్రంతా కురిసిన వాన రెండు రోజుల పాటు నిలవడానికి అది చోటిస్తుంది. గరిక రెండు రోజులు మునిగినా చావదు. గ్రీన్లు ఎత్తు మీద ఉన్నాయి. ఒండ్రు పేరుకుంటే కడగాలి, ఒక వారం ఆట ఆగుతుంది. ఒక కాలనీ మునగడం కంటే ఒక ఫెయిర్‌వే మునగడం మేలు కదా?

వారానికి ఒక రోజు ఆట ఆపి, మైదానాన్ని ఊరి జనానికి వదలాలని కూడా నా సూచనలో రాశాను. ఆ రోజు ముసలివారు నడుస్తారు, సంక్రాంతికి పిల్లలు గాలిపటాలు ఎగరేస్తారు. గ్రీన్ల చుట్టూ తాడు కడితే చాలు. ఆడవారికి శుభ్రమైన మరుగుదొడ్లు రెండు చోట్ల ఉండాలని మొదటి పటంలోనే గీశాను, చివర్లో చోటు మిగిలితే చూద్దామనుకునే పని కాదది.

ఆ పటం ఇక్కడ బల్ల మీద ఉంది. దగ్గరకు వచ్చి చూడండి. తొమ్మిదింటిలో ఎనిమిది నాకు నచ్చాయి. ఏడో హోల్ ఒక్కటి తేలలేదు. అది పడమర ముఖంగా ఉంది, సాయంత్రం ఆడేవారికి సూర్యుడు కళ్ళలో పడతాడు. దాన్ని తిప్పితే ప్రదక్షిణ క్రమం చెడుతోంది, తిప్పకపోతే సాయంత్రపు జట్లు ఇబ్బంది పడతాయి. పెన్సిలు పక్కనే పెట్టాను. మీకు దారి తోస్తే గీసి చూపించండి.